మామిడిచెట్టు కింద హోస్టా ఎందుకు నిలవదంటే

తిరుపతి

చిన్నూకీ, అమ్ములుకీ,

మీ చికాగో ఇంటి ఫోటో చూశాను. ఎండ పడని ఉత్తరం గోడ పక్కన అంత గుబురుగా ఉన్న ఆకులు చూసి ముందు చేమ అనుకున్నా. హోస్టా అని మీ అమ్మ చెప్పింది. మన మామిడిచెట్టు కింద నేల బోడిగా ఉంది కదా, వచ్చేటప్పుడు ఒక పిలక తెస్తామన్నారట. తేవద్దు నాయనా. విమానంలో మొక్క తేవాలంటే అనుమతి కాగితాలు కావాలి. అది అలా ఉంచండి, అసలు సంగతి వేరే.

ఆ మొక్కను నేను ఇదివరకే ఒకసారి చంపాను. ఆన్‌లైన్‌లో వేరుముక్క కొని, అదే చెట్టు కింద కుండీలో పెట్టాను. మొదటి ఏడు ఐదాకులు వేసింది. రెండో ఏడు మూడే, అవీ తమలపాకంత. మూడో ఏడు ఏమీ రాలేదు. నీళ్లు చాలలేదేమోనని బిందెలు బిందెలు పోశాను. దానికి కావలసింది నీళ్లు కాదు, నిద్ర.

హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా వైపు. అక్కడ చలికాలం రాగానే ఆకులన్నీ వాడిపోతాయి, వేరు మాత్రం మట్టిలో పడుకుంటుంది. 5 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే చలి కొన్ని వారాలు తగిలితేనే వసంతంలో కొత్త మొలక బలంగా లేస్తుంది. మీ దగ్గర మంచు కప్పేసినా బతికేది ఆ నిద్ర వల్లే. మనకు డిసెంబరు రాత్రి కూడా దుప్పటి కప్పుకునేంత చలే. అది చాలదు. రాత్రంతా ఎవరో తట్టి లేపుతుంటే మీరు పొద్దున ఎలా ఉంటారో, హోస్టా ఇక్కడ ఏడాదంతా అలా ఉంటుంది. పైగా మే నెలలో మన చెట్టు నీడ కూడా సెగే.

నీలంగా కనిపించే హోస్టా ఆకును వేలితో రుద్ది చూడండి. నేరేడు పండు మీది బూడిదలాంటి పొర లేచిపోయి, కింద మామూలు పచ్చ కనిపిస్తుంది. ఆ మైనం పొర వల్లే దానికి ఆ నీలం. ఒక్క ఆకే రుద్దండి, ఆ పొర పోయిన చోట మళ్లీ రాదు. పక్కింటి కుక్కపిల్లను మాత్రం ఆకులు నమలనివ్వకండి, వాంతులవుతాయి.

హోస్టా అనే పేరు 1812లో పెట్టారు, హోస్ట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద. నాకు నచ్చింది పేరు కాదు, దాని చుట్టరికం. మన గట్ల మీది ముళ్ల కిత్తనార, దండల్లో గుచ్చే లిల్లీపూల మొక్క, రెండూ దానికి దాయాదులే. చూస్తే నమ్మబుద్ధి కాదు.

మామిడి కింద ఇప్పుడు కలేడియం పెట్టాను. గులాబీ, తెలుపు మచ్చల ఆకులు. నేలలో కాదు, కుండీల్లో. మామిడి వేర్లు పక్కవాళ్లకు నీళ్లు మిగల్చవు మరి. సగం ఎర్రమట్టి, సగం మాగిన ఆకుల ఎరువు. పొద్దున గంటో రెండు గంటలో ఏటవాలు ఎండ తగిలితే రంగు బాగా తేలుతుంది. అదీ నిద్రపోయే మొక్కే. అయితే చలి కోసం కాదు. వానలు ఆగి మట్టి ఆరితే ఆకులు రాల్చుకుని దుంపగా పడుకుంటుంది, వేడీ తడీ కలిసి తగిలితే లేస్తుంది. మన ఊరి వేళలకు సరిపోయే నిద్ర.

దాని పాలు తగిలితే దురద. చేమ, కంద ఉన్న ఇంటి పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీ తాత నన్ను ఏడిపిస్తూనే ఉంటాడు. వానలప్పుడు నత్తలు కూడా వస్తాయి. అక్కడ మీ హోస్టాలనూ జల్లెడ చేసేది అవే. రాత్రి టార్చి వేసుకుని ఏరేయడమే, నాకు వేరే మందు మీద నమ్మకం లేదు.

ఆరు కుండీలను నీళ్లు పోయకుండా గోడ వారన పడుకోబెట్టాను. మీరు జూన్‌లో వస్తారుగా, మొదటి చెంబు మీరే పోద్దురుగాని. మొలక రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా తవ్వి చూడకూడదు. అమ్ములూ, ఈ మాట నీకే.

మీ అవ్వ