ఇంటి ముందు పాతే బోర్డులు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఎన్నికల కాలం వచ్చిందంటే నగర జోనింగ్ (స్థల వినియోగ నిబంధనల) విభాగంలో పనిచేసే నాబోటి వారికి వచ్చే ఫోన్లలో చాలావరకు ఇళ్ల ముందు పచ్చికలో పాతే యార్డ్ సైన్ల గురించే ఉంటాయి. ఫిర్యాదు చేసేవారిలోనూ, బోర్డు పెట్టినవారిలోనూ పదేపదే కనిపించే అపోహలు ఇవి.

అపోహ: నా పచ్చికలో నా బోర్డు, నగరానికేం పని?

వాస్తవం: బోర్డు కొలత, ఎత్తు, సంఖ్య, దానికి పెట్టే దీపాలు, రోడ్డు నుంచి ఉండాల్సిన దూరం వంటి వాటిపై నగరం నిబంధనలు పెట్టవచ్చు. పైగా మీరు నీళ్లు పెట్టి, కత్తిరించి పెంచుకుంటున్న పచ్చికంతా మీ ఇష్టానికి వదిలిన స్థలం కాదు; కాలిబాటకూ రోడ్డు అంచుకూ మధ్యనున్న పట్టీ చాలాచోట్ల రైట్ ఆఫ్ వే, అంటే ప్రజా రహదారికి కేటాయించిన స్థలం, కిందికి వస్తుంది. మేము తీసేసే బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ పట్టీలో తీగకాళ్లు గుచ్చి నిలబెట్టినవే. ప్రభుత్వ ఆస్తిపై బోర్డులు తగిలించకూడదన్న లాస్ ఏంజెలిస్ నిబంధనను సుప్రీంకోర్టు 1984లోనే సమర్థించింది.

అపోహ: ఊరు శుభ్రంగా కనిపించాలంటే నగరం ఇళ్ల ముందు బోర్డులను పూర్తిగా నిషేధించవచ్చు.

వాస్తవం: మిస్సోరీలోని లడూ నగరం ఇంచుమించు అదే చేసింది. ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పే బోర్డుల వంటి కొన్నింటిని మినహాయించి, గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా ఒక ఇంటి యజమానురాలు కిటికీలో పెట్టిన మామూలు కాగితమంత బోర్డును సైతం అడ్డుకుంది. 1994లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది.

అపోహ: రాజకీయ బోర్డుకు ఒక కొలత, ప్రార్థన సమావేశపు బోర్డుకు మరో కొలత పెట్టడంలో తప్పులేదు.

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే, అధికారుల్లోనూ ఉంది. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణంలో సిద్ధాంతపరమైన, అంటే ఒక అభిప్రాయాన్ని చాటే, బోర్డు 20 చదరపు అడుగుల వరకు ఉండవచ్చని, కానీ ఒక కార్యక్రమానికి దారి చూపే బోర్డు ఆరు చదరపు అడుగులు దాటకూడదని నిబంధన ఉండేది. అదీ కార్యక్రమానికి 12 గంటల ముందు మాత్రమే పెట్టి, ముగిసిన గంటలోగా తీసేయాల్సి వచ్చేది. సొంత భవనం లేని ఒక చిన్న చర్చి, ఆదివారం ప్రార్థనకు దారి చూపే బోర్డులను శనివారమే పెట్టి నోటీసులు అందుకుంది. 2015లో ఆ చర్చి పాస్టరు రీడ్ పేరుతో నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లవని తేల్చింది. ఏ నిబంధన వర్తిస్తుందో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు బోర్డు మీది రాతను చదవాల్సి వస్తోందంటే, ఆ నిబంధనను అనుమానించాల్సిందే. మా సిబ్బందికి నేను చెప్పేది ఒక్కటే: కొలత టేపు పట్టండి, అక్షరాల జోలికి పోకండి. అయితే ఎన్నికల తర్వాత ఇన్ని రోజుల్లో రాజకీయ బోర్డులు తీసేయాలన్న పాత నిబంధనలు కొన్ని నగరాల నిబంధనల పుస్తకాల్లో ఇంకా అలాగే మిగిలి ఉన్నాయి.

అపోహ: నగరం ఒప్పుకుంటే హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) కూడా ఒప్పుకోవాల్సిందే.

వాస్తవం: హెచ్‌ఓఏ ప్రైవేటు సంఘం కాబట్టి వాక్ స్వాతంత్య్రపు రాజ్యాంగ హామీ సాధారణంగా దానికి నేరుగా వర్తించదు, మీ రాష్ట్ర చట్టమే చూసుకోవాలి. ఉదాహరణకు టెక్సస్‌లో ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఎన్నికయ్యాక పదో రోజు వరకు యజమాని తన స్థలంలో పెట్టుకునే అభ్యర్థుల బోర్డులను హెచ్‌ఓఏ నిషేధించలేదు, కానీ ఒక్కో అభ్యర్థికి ఒక్క బోర్డే అని పరిమితి పెట్టవచ్చు.