దర్జీల రాకకు దారి తీసిన సంఘాలు: కెనడా వివక్ష వ్యతిరేక చట్టాల నేపథ్యం

జాతి, మతం, రంగు చూసి ఉద్యోగం నిరాకరించడాన్ని నిషేధిస్తూ కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1951లో చట్టం చేసింది. దాని వెనుక ఉన్న శక్తులలో దుస్తుల ఫ్యాక్టరీల యూదు కార్మికులకు తగిన గుర్తింపు దక్కలేదు. రష్యా సామ్రాజ్యం నుంచి, పోలండ్ నుంచి వలస వచ్చిన ఈ కార్మికులలో చాలామంది, 1897లో విల్నాలో (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) పుట్టిన 'బుంద్' అనే యూదు సోషలిస్టు పార్టీ భావాలతో పెరిగినవారు.

నాజీలను ప్రతిఘటించడానికి 1934లో న్యూయార్క్‌లో జ్యూయిష్ లేబర్ కమిటీ (యూదు కార్మికుల కమిటీ) ఏర్పడింది. తర్వాత కెనడాలోనూ అదే పేరుతో సంస్థ వెలిసింది. అప్పటి కెనడా ప్రభుత్వం 1933 నుంచి 1945 దాకా చేర్చుకున్న యూదు శరణార్థులు ఐదు వేలకు మించలేదు. నాజీలు యూదులపై సాగించిన మారణహోమం సంగతి లోకమంతటికీ తెలిశాక కూడా ఆ వైఖరి వెంటనే సడలకపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

1946లో కెనడా కమిటీకి జాతీయ డైరెక్టర్ అయిన కాల్మెన్ కప్లాన్‌స్కీ ఇప్పటి పోలండ్‌లోని బియాలిస్టోక్‌లో పుట్టి, మాంట్రియల్ ముద్రణాలయాల్లో అక్షరాలు కూర్చిన కార్మికుడు. దయ చూపమని అడిగితే కదలని ప్రభుత్వం పరిశ్రమ అవసరం చూపితే కదులుతుందని ఆయనా, దుస్తుల కార్మిక సంఘాలూ గ్రహించారు. కుట్టుపనివారి కొరతతో ఇబ్బంది పడుతున్న యజమానులను కలుపుకొని ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఐరోపాలోని యుద్ధ నిర్వాసితుల శిబిరాలకు ప్రతినిధులు వెళ్లి, పనితనం పరీక్షించి దర్జీలను ఎంపిక చేశారు. 1948 నుంచి రెండు వేలకు పైగా దర్జీలు, వారి కుటుంబాలు కెనడా చేరాయి. అయితే వారిలో యూదులు సగానికి మించకూడదని ప్రభుత్వం షరతు పెట్టింది. సొంత బంధువులు శిబిరాల్లో ఎదురుచూస్తున్నా ఆ షరతుకు తలొగ్గవలసి రావడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

తమవారి కోసం మొదలైన పని తమవారితో ఆగలేదు. కమిటీ ఊతంతో టొరంటో, మాంట్రియల్, విన్నిపెగ్ వంటి నగరాల్లో జాతి వివక్షను ఎదిరించే కార్మిక కమిటీలు ఏర్పడ్డాయి. ఒంటారియోలోని డ్రెస్డెన్ పట్టణంలో నల్లజాతి వారికి హోటళ్లలో భోజనం పెట్టేవారు కాదు; వడ్రంగి హ్యూ బర్నెట్ నాయకత్వంలో స్థానిక నల్లజాతి వారు సాగించిన పోరాటానికి టొరంటో కార్మిక కమిటీ అండగా నిలిచింది. హోటళ్లు, దుకాణాల్లో వివక్షను నిషేధిస్తూ 1954లో మరో చట్టం వచ్చింది. అప్పటికీ ఒక హోటల్ యజమాని లొంగకపోవడంతో కార్మిక కమిటీ మామూలు కస్టమర్లలా వెళ్లి పరీక్షించేవారిని అక్కడికి పంపి, నిరాకరణకు సాక్ష్యం సంపాదించింది. అతనికి పడిన శిక్షను 1956లో కోర్టు ఖరారు చేశాకే ఆ హోటల్లో నల్లజాతి వారికి భోజనం దొరికింది.