నాలుగో రోజు: విశాఖలో నీలిపిల్లల వెనక కథ

మా పెద్దమ్మ తొలిచూలు బిడ్డ 1982లో, కంచరపాలెంలో, పుట్టిన అయిదో రోజున పోయాడు. పుట్టగానే గట్టిగా ఏడ్చాడట, పాలు బాగానే తాగాడట. మూడో రోజు నుంచి రెండు గుక్కలు తాగి వదిలేయడం, నుదుటి మీద చెమట, ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడటం. దిష్టి అని ఉప్పు మిరపకాయలు తీశారు. పోయాక మాత్రం, గ్రహణం రోజు ఇంట్లో కుదురుగా పడుకోలేదని పెద్దమ్మనే అన్నారు.

"ఈ రోజుల్లో పిల్లలకి గుండె జబ్బులు ఎక్కువైపోయాయి" అని ఎవరైనా అంటే నాకు ఆ బాబే గుర్తొస్తాడు. అప్పుడూ ఉన్నాయండీ. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, వాళ్లలో దాదాపు నాలుగో వంతుకి మొదటి ఏడాదిలోనే ఆపరేషనో మరో చికిత్సో కావాలి. కాకపోతే అప్పట్లో చాలామంది బారసాల కూడా కాకుండానే పోయేవాళ్లు, ఏ లెక్కలోకీ వచ్చేవాళ్లు కాదు.

మరి పుట్టినప్పుడు బాగున్న బిడ్డ మూడో రోజుకి, రక్తంలో ఆక్సిజన్ తగ్గి, ఎందుకు నీలమవుతాడు? కడుపులో ఉండగా ఊపిరితిత్తులకి పని లేదు కాబట్టి, రక్తం వాటిని తప్పించుకుని పోయేందుకు గుండె పక్కనే ఒక చిన్న అడ్డదారి నాళం ఉంటుంది. పుట్టిన రెండు మూడు రోజుల్లో అది దానంతటదే మూసుకుపోతుంది. ఊపిరితిత్తులకి వెళ్లే దారి గానీ, ఒంటికి రక్తం పంపే పెద్ద ధమని గానీ సరిగా తయారుకాని బిడ్డ అప్పటిదాకా ఆ అడ్డదారి మీదే బతుకుతుంటాడు. అది మూసుకుందా, గంటల్లో పరిస్థితి చేయి దాటిపోతుంది. సరిగ్గా ఆ సమయానికే మన తల్లులు డిశ్చార్జి అయి ఇంటికి చేరతారు.

ఈ సంగతి పట్టుకున్నది బాల్టిమోర్‌లో పిల్లల డాక్టరు హెలెన్ టౌసిగ్. అడ్డదారి తెరిచే ఉన్న నీలిపిల్లలు మెరుగ్గా ఉంటున్నారని గమనించి, అలాంటి దారి మనమే వేయలేమా అని అడిగింది. 1944 నవంబరు 29న సర్జన్ బ్లాలాక్ ఆ ఆపరేషన్ చేశాడు. కుక్కల మీద ముందే సాధన చేసి, ఆ రోజు ఆయన వెనక నిలబడి ఒక్కొక్క కుట్టూ చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్, డాక్టరు చదువు చదవనివాడు. ఆయనకి దక్కాల్సిన పేరు దక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. తర్వాత 1970ల్లో ఆ నాళం మూసుకోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ మందు వచ్చింది, 1975లో బ్రెజిల్‌లో గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులు తారుమారైతే వాటిని మార్చి కుట్టే ఆపరేషనూ వచ్చింది. మన దగ్గర వేలూరులో 1960ల మొదట్లోనే గుండె తెరిచి ఆపరేషన్లు చేశారు.

అంటే 1982 నాటికి దారులున్నాయి. విశాఖలో 1923 నాటి పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కూడా ఉంది. కానీ పసిగుండె ఆపరేషన్ అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి హైదరాబాదు వెళ్లడమో, మద్రాసు వెళ్లడమో. 1991లో పుట్టపర్తిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలయ్యాక డబ్బు లేనివాళ్లకి ఒక ఆశ దొరికింది, దూరం మాత్రం తగ్గలేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై ఖర్చు భయాన్ని చాలావరకు తీసింది, 2013లో పిల్లలను బడిలోనూ అంగన్‌వాడీలోనూ పరీక్షించే కేంద్ర పథకం వచ్చింది. ఇప్పుడు విశాఖలోనే పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఇవన్నీ చిన్న విషయాలు కావు. అయితే అంగన్‌వాడీలో దొరికేది అప్పటిదాకా బతికిన పిల్లలే. గుండెలో పెద్ద చిల్లు ఉన్నవాళ్లలో కొందరికి, ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయి, ఆపరేషన్ చేసే వీలే ఉండదు.

నా బాధంతా ఆ మొదటి నాలుగు రోజుల గురించే. పుట్టి 24 గంటలు దాటాక కుడిచేతికి, ఒక కాలికి ఆక్సిజన్ కొలిచే పట్టీ చుట్టి చూడటం అయిదు నిమిషాల పని. 90 శాతానికి తగ్గితే వెంటనే ఎకో, అంటే గుండె స్కాన్, తీయాలి, మధ్యస్థంగా ఉంటే మళ్లీ చూడాలి. అమెరికా 2011లోనే పుట్టిన ప్రతి బిడ్డకీ చేయమంది. ఇది అన్నింటినీ పట్టుకోదు, కానీ కంటికి ఆననిది పట్టుకుంటుంది, మన చామనఛాయ పిల్లల్లో నీలం తేలడానికి ఆక్సిజన్ బాగా పడిపోవాలి మరి. (కోవిడ్‌లో కొన్న క్లిప్పు పెట్టకండి, అది పెద్దవాళ్ల వేలికి చేసింది.) పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. అక్కడి బిడ్డకి ఆ అయిదు నిమిషాలు ఇంకా ముఖ్యం.

మేనరికాల్లో ఈ ముప్పు కాస్త ఎక్కువ, నిజమే. కానీ చాలామంది పిల్లలకి ఫలానా కారణమని చెప్పడానికేమీ ఉండదు, అందుకని తల్లినీ గ్రహణాన్నీ వదిలేయండి.

పోయినేడాది మా చెల్లి కాన్పుకి పెద్దమ్మే తోడుంది. రెండో రోజు నర్సు వచ్చి పాప కాలికి ఎర్ర లైటు పట్టీ చుట్టి, 98 ఉంది అని చెప్పి వెళ్లింది. పెద్దమ్మకి ఆ అంకె అర్థం కాలేదు. పాప చేతి గోళ్లు ఒక్కొక్కటే నొక్కి, వదిలి, మళ్లీ ఎర్రబడే దాకా చూస్తూ కూర్చుంది.