అల్యూమినియం వెల్డింగ్‌కి ఏ గ్యాస్? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇనుముకి వాడే మిక్స్ గ్యాస్ దీనికీ సరిపోతుంది.

సరిపోదు. మైల్డ్ స్టీల్ మిగ్ (వైరే కరుగుతూ అతికే వెల్డింగ్) మిక్స్‌లో సాధారణంగా 15 నుంచి 25 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆర్క్ వేడికి అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. కరిగిన అల్యూమినియం ఆ ఆక్సిజన్‌ని దొరికింది దొరికినట్టే పట్టేసుకుంటుంది. ఫలితంగా బీడ్ (వెల్డ్ చేసిన గీత) మీద నల్లటి మసి, ముడతలు, లోపల సరిగా అతుక్కోని అంచులు. టిగ్‌లో (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో ఆర్క్ వెలిగించే వెల్డింగ్) అయితే ఆ టంగ్‌స్టన్ మొన కూడా కాసేపట్లో పాడవుతుంది. స్టెయిన్‌లెస్ మిగ్‌కి వాడే 2 శాతం మిక్స్ కూడా వద్దు. "రెండు శాతమేగా" అనిపిస్తుంది కానీ ఈ లోహానికి అదీ ఎక్కువే.

స్టెయిన్‌లెస్ టిగ్ కోసం తెచ్చిన ఆర్గాన్–హైడ్రోజన్ సిలిండర్ అయితే మరీ చేటు. కరిగిన అల్యూమినియం తనలో ఇముడ్చుకునే హైడ్రోజన్, గట్టిపడ్డాక ఇముడ్చుకోగలిగిన దానికి దాదాపు 20 రెట్లు ఉంటుంది. చల్లారేటప్పుడు మిగిలిందంతా బయటికి పోవాలి. దారి దొరకనిది బుడగలుగా లోపలే చిక్కుకుపోతుంది. పోరోసిటీ, అంటే వెల్డ్‌లో గుల్లలు, పుట్టేది ఇక్కడే.

మామూలు పనికి జవాబు ఒక్కటే: ప్యూర్ ఆర్గాన్. టిగ్‌కీ అదే, మిగ్‌కీ అదే. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ (ఏడబ్ల్యూఎస్) ఎ5.32 ప్రమాణం వెల్డింగ్ ఆర్గాన్‌కి 99.997 శాతం శుద్ధత, మైనస్ 60 డిగ్రీల సెల్సియస్ డ్యూ పాయింట్ (గ్యాస్‌లో తేమ ఎంత తక్కువో చెప్పే కొలత) అడుగుతుంది. అంతకంటే ఖరీదైన గ్రేడ్ తెచ్చి లీకయ్యే ట్యూబ్‌కి తగిలిస్తే మిగిలేది ఖర్చే.

అపోహ: ఆక్సైడ్ పొరని గ్యాసే తీసేస్తుంది.

గ్యాస్ పని గాలిని దగ్గరికి రానివ్వకుండా చూడటం, ఆర్క్‌ని నిలబెట్టడం. పొరని పగలగొట్టేది కరెంటు. ఏసీ టిగ్‌లో ఎలక్ట్రోడ్ పాజిటివ్‌గా ఉన్న సగం సైకిల్‌లో ఆ పని జరుగుతుంది. మిగ్‌లో వైర్ ఎప్పుడూ పాజిటివే కాబట్టి అది ఆగకుండా సాగుతుంది. అలాగని ముందు శుభ్రం చేయడం మానకూడదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైనున్న పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. ముందు ఎసిటోన్‌తో జిడ్డు తుడవండి. అది పూర్తిగా ఆరాకే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దండి. వరస తారుమారైతే బ్రష్ ఆ జిడ్డుని లోహంలోకే ఎక్కిస్తుంది. ఇనుము మీద వాడిన బ్రష్‌ని దీని మీద పెట్టొద్దు.

అపోహ: హీలియం కలిపితే ఏ పనైనా బాగా వస్తుంది.

హీలియంలో ఆర్క్ వోల్టేజ్ పెరుగుతుంది, దాంతో వేడీ పెరుగుతుంది. 12 మిల్లీమీటర్లు దాటిన ప్లేట్‌కి, వేడిని ఇట్టే లాగేసే పెద్ద కాస్టింగ్‌కి ఇది నిజంగా వరమే. 25 నుంచి 75 శాతం దాకా కలుపుతారు. పల్చటి రేకుకి మాత్రం ఇదే శాపం: చిల్లు పడుతుంది. ఏసీ టిగ్‌లో హీలియం పెరిగేకొద్దీ ఆర్క్ అంటుకోవడం కష్టమవుతుంది, ఆక్సైడ్ శుభ్రపడటమూ తగ్గుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఫ్లోమీటర్, అంటే నిమిషానికి ఎంత గ్యాస్ పోతోందో చూపే మీటర్. ఆర్గాన్ స్కేల్ ఉన్న బంతి మీటర్‌లో తేలికైన గ్యాస్ పంపితే అది తక్కువ చూపిస్తుంది. సగం సగం మిక్స్ అయితే చూపిన అంకెకి సుమారు 1.35 రెట్లు, 75 శాతం హీలియం అయితే 1.75 రెట్లు, ప్యూర్ హీలియం అయితే దాదాపు 3.2 రెట్లు గ్యాస్ పోతున్నట్టు. తేలిక కాబట్టి హీలియంకి ఫ్లో ఎక్కువే కావాలి. ఎంత పెంచాలో మాత్రం ఈ లెక్క వేశాకే తేల్చుకోండి.

అపోహ: గుల్లలు పడుతుంటే ఫ్లో పెంచాలి.

ఫ్లో మరీ పెరిగితే గ్యాస్ నాజిల్ దగ్గర సుడి తిరిగి పక్కనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆర్గాన్‌తో టిగ్‌లో 6, 7 నంబర్ కప్పులకి (టార్చ్ మొనకి తొడిగే నాజిళ్లు) నిమిషానికి 7–10 లీటర్లు, మిగ్‌లో 15–20 లీటర్లు మంచి మొదలు. గాలి వీస్తుంటే ఫ్లో పెంచే ముందు తెర కట్టండి.

అపోహ: పోరోసిటీ వచ్చిందంటే సిలిండర్ చెడ్డది.

సిలిండర్‌ని తప్పుపట్టే ముందు ఒక్క పరీక్ష చేయండి. శుభ్రం చేసిన ముక్క మీద ఏసీ టిగ్ ఆర్క్ వెలిగించి, ఫిల్లర్ (కరిగించి కలిపే కడ్డీ) ముట్టించకుండా ఒకేచోట నిలపండి. కరిగిన లోహపు మడుగు అద్దంలా మెరుస్తూ, చుట్టూ మంచు పట్టినట్టు తెల్లటి వలయం ఏర్పడితే గ్యాస్ టార్చ్ దాకా బాగానే వస్తోంది. అప్పుడు తప్పు ఫిల్లర్‌లోనో, జాయింట్ శుభ్రంలోనో వెతకాలి. మడుగు మీద బూడిదరంగు పొర, నల్ల చుక్కలు తేలితే గ్యాస్ దారిలో ఎక్కడో గాలి గానీ తేమ గానీ కలుస్తోంది.

అప్పుడు సిలిండర్ వైపు నుంచి వెతుక్కుంటూ రండి. రెగ్యులేటర్, ట్యూబ్ జాయింట్లకి సబ్బు నీళ్లు రాయండి. టార్చ్ వెనక క్యాప్‌లోని ఓ–రింగ్ చూడండి, అది చిట్లితే అటునుంచి గాలి దూరుతుంది. నీళ్లతో చల్లబడే టార్చ్ అయితే లోపల నీళ్లు కారుతున్నాయేమో చూడండి. రబ్బరు ట్యూబ్ గోడల గుండా తేమ లోపలికి చేరుతుంది. అందుకే రాత్రంతా ఊరికే ఉన్న మిషన్‌ని పొద్దున ఆన్ చేశాక, ఆర్క్ వెలిగించే ముందు ఒకటి రెండు నిమిషాలు గ్యాస్ వదలండి. ఇవన్నీ సరిగ్గా ఉండీ పొర పోకపోతేనే సిలిండర్ మార్చి అదే పరీక్ష మళ్లీ చేయండి.

టంగ్‌స్టన్ నీలంగానో నల్లగానో మారితే పోస్ట్–ఫ్లో (ఆర్క్ ఆగాక కూడా గ్యాస్ వచ్చే సమయం) చాలడం లేదేమో చూడండి. ప్రతి 10 ఆంపియర్లకి ఒక సెకను, 8 సెకన్లకి తగ్గకుండా పెట్టి, గ్యాస్ ఆగేదాకా టార్చ్ కదపొద్దు.

మిగ్ బీడ్ పక్కన గుడ్డతో తుడిస్తే పోయే మసి వేరే కథ. 5356 లాంటి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియం వైర్లతో కొంత మామూలే. టార్చ్‌ని లాగుతూ వెల్డ్ చేస్తే బాగా పెరుగుతుంది. 10–15 డిగ్రీలు వాల్చి ముందుకి నెట్టుతూ చేయండి.

అపోహ: ఆర్గాన్ విషం కాదు, భయం లేదు.

విషం కాదు, నిజమే. కానీ గాలి కంటే బరువు. ట్యాంకు అడుగునా గోతుల్లోనూ నిండి ఆక్సిజన్‌ని తోసేస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. మూసిన చోట పనిచేసేటప్పుడు ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కంటే తగ్గితే వెంటనే బయటికి రావాలి. భోజనానికి లేచినా సరే, టార్చ్‌ని లోపల వదలకుండా బయటికి తెచ్చి సిలిండర్ వాల్వ్ మూసేయాలి.