నానమ్మ ఆయాసం వెనక ఉన్న పొగ

ఊదుగొట్టం పట్టుకుని, కొంగుతో కళ్లొత్తుకుంటూ తడి కట్టెలు రాజేసిన ఆనాటి కోడళ్లే ఇవాళ్టి మన నానమ్మలు, అమ్మమ్మలు. చుట్ట ముట్టని వాళ్లకూ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసు మీద పడిందిలే అని మనం తేల్చేస్తాం. ఆ మాట నేను ఒప్పుకోలేను.

ఎందుకంటే ఆ ఆయాసం వెనక పొయ్యి పొగ ఉందన్నది వైద్యులకు ఎప్పుడో తెలిసిన సంగతి. ఊపిరితిత్తులు చెడి, ఆ భారం పడి గుండె కుడిభాగం దెబ్బతిన్న 127 మంది ఢిల్లీ రోగుల గురించి డాక్టర్ ఎస్. పద్మావతి 1959లోనే రాశారు. పొగతాగే అలవాటు అంతగా లేని ఆడవాళ్లకూ ఆ జబ్బు వస్తోందేమిటని చూస్తే, చిన్నప్పటి నుంచీ పీల్చిన పిడకల పొగ, కట్టెల పొగ మీదికే అనుమానం మళ్లింది. 1980ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ల ఒంటికే పరికరాలు తగిలించి ఆ పొగను కొలిచింది.

1983లో కేంద్రం పొగగొట్టం ఉన్న పొయ్యిల పథకం తెచ్చింది, 2002లో ఆపేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చింది. 2016లో పేదిళ్లకు గ్యాస్ ఇచ్చే కేంద్ర పథకం ఉజ్వల వచ్చింది. సిలిండర్ ఇంటికొచ్చినా, నిండుకున్నాక మళ్లీ తెచ్చుకోవడానికి డబ్బుండాలి కదా! అందుకే చాలా ఇళ్లలో స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి మిగిలే ఉంది.

ఈలోగా గాలి ప్రమాణాలూ వచ్చాయి. వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతుండే, గాలిలో తేలే పీఎం 2.5 అనే సన్న కణాలకు 2009లో మన దేశం పెట్టిన హద్దు ఘనపు మీటరుకు రోజు సగటున 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 దాటకూడదంది, అది ఇంటి లోపలికీ వర్తిస్తుందని చెప్పింది. మన హద్దు మాత్రం బయటి గాలికే. గడప దాటని ముసలివాళ్లు రోజంతా పీల్చేది ఏ గాలి?

పొద్దుగూకగానే దోమలొస్తాయని కిటికీలు మూసేస్తాం. నానమ్మ మంచం కింద కాయిల్ వెలిగిస్తాం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. తెల్లారేసరికి మంచం కింద తెల్లటి బూడిద చుట్ట ఒకటి మిగులుతుంది. నానమ్మ దగ్గుతూ లేస్తుంది.