ఇంప్లాంట్ స్క్రూ విరిగితే: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో నా దగ్గరికి వచ్చే పంటి ఇంప్లాంట్ కేసుల్లో ఎక్కువ భయంతో వచ్చేది స్క్రూ విరిగినవాళ్లే. పుత్తూరు నుంచో పలమనేరు నుంచో ఊడిన పన్నును కాగితంలో చుట్టుకుని వస్తారు. "మొత్తం పీకేసి మళ్లీ మొదట్నుంచి పెట్టాలంట కదా సార్" అని అడుగుతారు. చాలామందికి ఆ అవసరం రాదు.

అపోహ: స్క్రూ విరిగిందంటే ఇంప్లాంట్ పోయినట్టే.

వాస్తవం: దవడ ఎముకలో వేరులా ఉండే టైటానియం ముక్క ఇంప్లాంట్. దాని మీద క్యాప్‌ను మోసే ముక్క అయిన అబట్‌మెంట్, ఆ పైన మనకు కనిపించే క్యాప్. అబట్‌మెంట్‌ను ఇంప్లాంట్‌కు బిగించి ఉంచేది సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉండే చిన్న స్క్రూ. విరిగింది అదొక్కటే అయితే, ఎముక పట్టుకున్న ఇంప్లాంట్ లోపల భద్రంగానే ఉంటుంది. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు గమనించింది 1952లో. 1965లో తొలిసారి మనిషి దవడలో పెట్టారు. నెలల తరబడి ఆగి సాధించుకున్న ఆ పట్టును ఒక స్క్రూ కోసం వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంప్లాంటే చీలిన కేసులూ ఉంటాయి గానీ అరుదు. ఏది విరిగిందో ఎక్స్‌రే తీసి చూశాకే తేల్చాలి.

అపోహ: నిప్పట్టు కొరికాను, అందుకే విరిగింది.

వాస్తవం: ఆ నిప్పట్టు ఆఖరి దెబ్బ అయి ఉండొచ్చు, అసలు కారణం మాత్రం అంతకు ముందే మొదలవుతుంది. స్క్రూను బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. తిరిగి మామూలు పొడవుకు రావాలని అది లాగే బలమే అబట్‌మెంట్‌ను, ఇంప్లాంట్‌ను కదలకుండా కలిపి ఉంచుతుంది. ఏ కారణంతోనైనా ఆ బిగువు సడలితే, నమిలిన ప్రతిసారీ భారమంతా స్క్రూ మీదే పడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టు, అదీ ఒకరోజు తెగుతుంది. రాత్రిపూట పళ్లు నూరే అలవాటు, సరిగ్గా కూర్చోని క్యాప్, ఆధారం లేకుండా వెనక్కి సాగదీసి కట్టిన బ్రిడ్జి బిగువును సడలించే ముఖ్య కారణాలు.

అందుకని బలం కొద్దీ బిగించినా ప్రమాదమే. మితిమీరితే స్క్రూ సాగిపోయి బలహీనపడుతుంది. చాలా కంపెనీల అబట్‌మెంట్ స్క్రూలకు 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల తిప్పే బలం (టార్క్) చెబుతారు. చిన్న స్క్రూలకు ఇంకా తక్కువ. అది చేతి అంచనాకు దొరకదు, ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉండాల్సిందే. పది నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి బిగించాలి, ఎందుకంటే మొదటి బిగింపు తర్వాత లోహపు ఉపరితలాలు సర్దుకుని బిగువు కొంత తగ్గుతుంది.

అపోహ: పన్ను కొంచెం కదులుతోంది, నొప్పి లేదు కదా, బ్రహ్మోత్సవాలయ్యాక చూపిద్దాం.

వాస్తవం: ఇంప్లాంట్‌కు సొంత పంటికి ఉండే లిగమెంట్ (పంటిని ఎముకకు పట్టి ఉంచే, ఒత్తిడి తెలిసే నార) ఉండదు. అందుకే స్క్రూ వదులైనా నొప్పి తెలియకపోవచ్చు. క్యాప్ ఆడటం, అక్కడ ఆహారం ఇరుక్కోవడం, వాసన, చిగురు వాచి రక్తం రావడం కనబడితే ఆ వారంలోనే రండి. వదులైన స్క్రూను మార్చడం చిన్న పని. అదే విరిగితే పని పెరుగుతుంది. ఇంట్లో జిగురుతో అతికించుకుని వచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. జిగురు స్క్రూ దారిలోకి దిగితే, మాకు మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది.

అపోహ: విరిగిన ముక్క తీయాలంటే దవడ కోయాలి.

వాస్తవం: చాలా కేసుల్లో కోత ఉండదు. స్క్రూ ఎక్కువగా తల కిందో, మొదటి మర దగ్గరో విరుగుతుంది. తల పోగానే బిగువు కూడా పోతుంది కాబట్టి, లోపలి ముక్క తరచూ మరల్లో వదులుగానే ఉంటుంది. ముందు గొంతుకు అడ్డంగా గాజ్ గుడ్డ (పలుచని నూలు గుడ్డ) పెడతాను, ముక్క జారి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. లూప్స్ (పెద్దగా చూపించే కళ్లద్దాలు) పెట్టుకుని, లోపల కడిగి ఆరబెట్టి, ప్రోబ్ అనే సూదిలాంటి పరికరం సన్నని మొనను ముక్క అంచున ఆనించి గడియారానికి ఎదురు దిశలో మెల్లగా తోస్తాను. కింద‌కి నొక్కకూడదు, నొక్కితే ఇరుక్కుంటుంది. ముక్క పావు చుట్టు కదిలిందంటే సగం పని అయినట్టే. కదలకపోతే అల్ట్రాసోనిక్ స్కేలర్ (పళ్లు శుభ్రం చేసే, కంపించే పరికరం) మొనను తక్కువ పవర్‌లో అదే దిశలో తిప్పుతాం. అప్పటికీ రాకపోతే ముక్క మీద చిన్న గాడి చేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పడం, లేదా విరిగిన ముక్కలు తీసే రిట్రీవల్ కిట్‌లోని ఎదురు తిరిగే డ్రిల్ వాడటం. డ్రిల్ వాడినప్పుడు నీళ్లు ఆగకూడదు. ఎముక 47 డిగ్రీల వేడికి ఒక నిమిషం గురైనా దెబ్బతింటుంది. తొందరపడి మామూలు డ్రిల్‌తో గుచ్చితే ఇంప్లాంట్ లోపలి మరలు చెడిపోతాయి. నిజంగా ఇంప్లాంట్ పోయేది ఇలాంటప్పుడే. అందుకే, "ఈరోజు కుదరలేదు, ఇంకొకరికి పంపిస్తాను" అనే డాక్టరును అనుమానించకండి.

అపోహ: పాత స్క్రూనే మళ్లీ పెట్టొచ్చు.

వాస్తవం: వద్దు. కొత్తదే పెట్టాలి, అదీ ఆ ఇంప్లాంట్‌కు సరిపోయేదే. ఎందుకు విరిగిందో సరిచేయకుండా పెడితే కొత్తదీ విరుగుతుంది. పళ్లు నూరేవాళ్లకు రాత్రి పళ్ల మీద పెట్టుకునే తొడుగు, అంటే నైట్ గార్డ్ తప్పదు.

చివరగా ఒక మాట. బెంగళూరులోనో చెన్నైలోనో ఇంప్లాంట్ పెట్టించుకుని, ఏ కంపెనీదో తెలియక వచ్చేవాళ్లు చాలామంది. కంపెనీ తెలియకపోతే సరైన డ్రైవరూ స్క్రూ వెతకడానికే రోజులు పడతాయి. ఇంప్లాంట్ డబ్బా మీద ఉండే స్టిక్కర్‌లో కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉంటాయి. మీ డాక్టర్‌ను అడిగి దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి.