లిటిల్ మోర్టన్ హాల్: ఆ వంకరకు మూలం

ఇంగ్లండ్‌లోని చెషైర్ కౌంటీలో, చుట్టూ నీటి కందకంతో ఉన్న లిటిల్ మోర్టన్ హాల్‌ను చూసినవారికి, అంతగా వంగిపోయిన ఇల్లు కూలకుండా ఎలా నిలిచిందన్న అనుమానం రాక మానదు. ఆ వంకరను వయసుకే అంటగట్టడం పరిపాటి. నిజానికి అసలు దోషం నెత్తిన పెట్టిన బరువుది.

మోర్టన్ వంశస్థులు 1504 ప్రాంతంలో మొదలుపెట్టి, 1610 దాకా తరతరాలుగా ఈ ఇంటిని పెంచుకుంటూ పోయారు. ఇక్కడ బరువు మోసేది గోడలు కావు, ఓక్ కలపతో కట్టిన చట్రం. ఒక కర్ర చివరను నాలుకలా చెక్కి, మరోదానిలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క చీల కొట్టేవారు. చట్రంలో మిగిలిన ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తేవారు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు కనుక పచ్చి కలపనే వాడేవారు, అది కట్టడంలో చేరాక ఆరి, ముడుచుకుని, మెలి తిరిగేది. కాబట్టి కొద్దిపాటి వంపు ఇలాంటి ఇళ్లన్నిటా ఉండేదే. లోపలి ముంగిలి వైపు కిటికీల మీద 1559 అనే సంవత్సరంతో పాటు, వాటిని చేసినవాడు రిచర్డ్ డేల్ అనే వడ్రంగి అని చెక్కి ఉంది. యజమాని పేరు పక్కన పనివాడి పేరు కూడా నిలవడం అరుదు.

ఆ తర్వాత కట్టిన దక్షిణ భాగంలో, పై అంతస్తులో దాదాపు 21 మీటర్ల పొడవైన గ్యాలరీని, అంటే నడవా లాంటి పొడవాటి గదిని, లేపి, దాని కప్పుకు బరువైన ఇసుకరాతి పలకలు పరిచారు. ఆ భారానికే కింది అంతస్తులు కుంగి, వంకర్లు పోయాయి.

17వ శతాబ్దంలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచిన మోర్టన్లు అప్పులపాలయ్యారు, ఇల్లు కౌలు రైతుల చేతికి వెళ్లింది. నా దృష్టిలో ఆ లేమే దీన్ని కాపాడింది. చేతిలో డబ్బుంటే ఇటుకలతో కొత్త ముఖం తొడిగించేవారేమో. 1938లో ఇది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు చేరింది. 1977లో కప్పు మీది రాతి పలకలు పట్టు తప్పాయని తేలడంతో, ఆరు దశల మరమ్మతు మొదలైంది.

అందరూ ముచ్చటపడే నలుపు తెలుపుల రంగు 19వ శతాబ్దపు విక్టోరియా రాణి కాలం నాటి అలవాటు. అంతకుముందు ఓక్‌ను రంగు వేయకుండా వదిలేసేవారు, అది ఎండావానలకు వెండి బూడిదరంగు తేలేది. మరమ్మతులో కొత్తగా అమర్చిన కర్రలకూ రంగు పూయలేదు.